బాలికల తూకము - ఎత్తు - ఈడు

పిల్ల పుష్టిగా నున్నదా, చిక్కినదా యని తేల్చుటకు మన యిండ్లలో కన్నే త్రాసు, పొరుగింటి పిల్లయే పడికట్టు. ఇట్టి తూకము వలన మా రుద్రంగిలో కొందఱు బాలికలకు కడుపునిండ తిండి లేకపోవుట చూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

లెక్క సులభము. ఎత్తును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చవేసి, వచ్చిన యంకెతో కిలోల బరువును భాగింపవలెను. ఒకటిన్నర మీటరు ఎత్తుగల పిల్ల 40.5 కిలోలు తూగినచో, 40.5ను 2.25తో భాగింపగా 18 వచ్చును. బెల్జియము దేశీయుడగు కెతెలే 19వ శతాబ్దమున కనుగొనిన యీ లెక్కకు 1972లో అన్సెల్ కీస్ మొదలగువారు బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడిరి.

పెద్దలకు 18.5కు లోబడినచో కృశత్వమందురు. పిల్లల కీ గీటు చెల్లదు. అదే 18 ఆఱేండ్ల బాలికకు వచ్చెనా, ఆమె బరువు మితిమీరినది. పండ్రెండేండ్ల దానికి సరిగా నడిమి యంకె. పదునేడేండ్ల కన్యకు సన్నదనము వైపు మొగ్గినది. కావుననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోను, భారతీయ బాలవైద్యుల సంఘము 2015లోను ఈడును బట్టి, ఆడపిల్లలకు వేఱుగా, మగపిల్లలకు వేఱుగా పట్టికలు ప్రకటించినవి.

మఱియొక వింత. ఏడాది నిండిన పిదప నీ యంకె తగ్గుచు వచ్చి, అయిదాఱేండ్ల యీడున మరల పెరుగసాగును. నాలుగేండ్ల బిడ్డకు బుగ్గలు తగ్గెనని దిష్టి తీయు తల్లులకు నే నడ్డు చెప్పను గాని, ఆ తగ్గుట తఱచుగా సహజమే.

అసలు చిక్కు ఎదిగిన పిల్లలతోనే. రజస్వల కానున్న యీడున ఒడలు నిండుట ప్రకృతి. దానిని చూచి “లావెక్కుచున్నది, రేపు పెండ్లి యెట్లు?” అని నెయ్యి మాన్పించి, మక్కగటకలో పెరుగు తగ్గించువారున్నారు. ఎముకలు గట్టిపడు కాలమది! 2016-18 నడుమ జరిగిన జాతీయ పోషణ పరిశీలనలో 10 మొదలు 19 ఏండ్ల వారిలో నూటికి 24 మంది కృశించినవారు. బరువు మీరినవారు అయిదుగురే. అయిదుగురి భయముతో ఇరువదినలువురిని మఱచుట యేమి న్యాయము? తల్లి బీడీల చాట విడిచి లేచునప్పటికి పిల్ల యేమి తినెనో చూచువారే యుండరు.

ఈ యంకె కండకును క్రొవ్వుకును భేద మెఱుగదు. ఒక్కసారి చూచి యేమియు నిశ్చయింపరాదు. చెప్పులు విడిపించి, గోడకానించి నిలిపి, మూడునాలుగు నెలలకొకసారి ఎత్తును బరువును వ్రాసియుంచుడు. గీత వేగముగా పైకెక్కినను, క్రిందికి జాఱినను ఆ కాగితమును వైద్యునికి చూపుడు. చుట్టముల యెదుట మాత్రము చదువకుడు.