పండుగకు వచ్చారు సరే, అమ్మను చూశారా?

ఆశ్వయుజ మాసం దగ్గర పడుతుంటే మన వార్డుల్లో అందరి నోటా ఒకటే మాట. "సిస్టరమ్మా, పండుగకు ఇంటికి పంపుతరా?" కుట్లు ఇప్పనివాళ్ళూ అడుగుతారు, సెలైన్ ఎక్కుతున్నవాళ్ళూ అడుగుతారు. సద్దుల బతుకమ్మ నాటికి ఆడవాళ్ళ వార్డులో చాలా మంచాలు ఖాళీ అవుతాయి. దసరా నాడు ఓపీ వరండాలో నాలుగు బెంచీలు కూడా నిండవు. పండుగ అయిన మర్నాటి నుంచి మాత్రం కూర్చోవడానికి చోటుండదు. అప్పుడు వచ్చే ముసలివాళ్ళలో చాలామంది తమంతట తాము వచ్చినవాళ్ళు కాదు. పట్నం నుంచి పండుగకు వచ్చిన కొడుకో బిడ్డో చేయి పట్టుకుని తీసుకొచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళ పైబడి నర్సింగులో ఉండి ప్రతి ఏడూ ఇది చూస్తూనే ఉన్నాను.

ఇందులో వింతేమీ లేదు. రోజూ పక్కనే ఉండేవారికి మార్పు కనపడదు. ఆరు నెలల తరువాత గడపలో అడుగుపెట్టిన బిడ్డకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. మన తెలంగాణలో పెత్రమాస నుంచి దీపావళి దాకా, మన సంఘాల్లో అయితే ఆ తరువాత వచ్చే సమాధుల పండుగ, కోత పండుగ దాకా, ఇల్లంతా ఒకచోట చేరే కాలం ఇదే. అందుకే ఈసారి డెంగీ దోమ గురించీ టపాకాయల గాయాల గురించీ కాక (అవి ఏటా రాస్తూనే ఉన్నాం) వేరే సంగతి రాస్తున్నాను. వయసు మీద పడడం, ఉద్యోగం ముగియడం, తోడు పోవడం, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళడం. ఇవేవీ రోగాలు కావు. కాని ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే, ఇవే ఏదో ఒక రోగం పేరు పెట్టుకుని మా దగ్గరికి వస్తాయి.

కొన్నేళ్ళ క్రితం ఒక బిడ్డ సద్దులకు తల్లిగారింటికి వచ్చింది. తల్లికి తలకు నూనె పెడుతుంటే భుజం ఎముకలు చేతికి తగిలాయట. జాకెట్టు చూస్తే వదులు, గాజులు చూస్తే మోచేతి దాకా జారుతున్నాయి. "ఏం లేదు బిడ్డా, పెద్దగైన గద" అని తల్లి మాట దాటేసింది. బిడ్డ వినకుండా మర్నాడే ఆటోలో తీసుకొచ్చింది. పాత ఓపీ కార్డులో రాసిన బరువుతో పోల్చితే ఏడు కిలోలు తగ్గింది. షుగరు లేదు, థైరాయిడ్ బాగానే ఉంది, ఎక్స్‌రేలో ఏమీ లేదు. మూత్రంలో మాత్రం ఇన్ఫెక్షన్ ఉంది. రాత్రి రౌండ్సులో నీళ్ళ గ్లాసు ముట్టుకోకుండా పక్కన పెట్టేయడం చూసి, ఎందుకు తాగడం లేదని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్ళ బాత్రూం పెరట్లో ఉంది. అక్కడ లైటు లేదు. వానకాలంలో ఒకసారి జారిపడింది. ముసలాయన పోయాక రాత్రిపూట తోడు లేచేవారు లేరు. "అప్పటి సంది పొద్దుగూకినంక తింటలేను, నీళ్ళు తాగుతలేను బిడ్డా" అంది. యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చి పంపాం. అల్లుడు పెరట్లోకి వైరు లాగి బల్బు పెట్టించాడు, మంచం పక్కన వాడుకునే కమోడ్ కుర్చీ కొన్నాడు. రెండింటి ఖర్చూ కలిపినా మా ల్యాబు బిల్లంత కాలేదు.

ఇలాంటివి ఫోనులో తెలియవు. ఫోనులో అందరమ్మలూ "మంచిగనే ఉన్న" అనే అంటారు. ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి చూడండి. మాడిన గిన్నెలు ఎక్కువయ్యాయా? పచ్చడి, మజ్జిగలతోనే సరిపెట్టుకుంటున్నారా? పళ్ళు లేక, ఉన్నవి నొప్పి పెట్టి, కూర మానేశారా? మందుల డబ్బా తీసి గోలీలు లెక్కపెట్టండి. నెల కిందట కొన్న బీపీ గోలీలు ఇంకా సగం మిగిలి ఉంటే రోజూ వేసుకోవడం లేదన్నమాట. నెల రోజులవి పదిహేను రోజులకే అయిపోతే, వేసుకున్న సంగతి మరిచి రెండోసారి వేసుకుంటున్నారేమో చూడాలి. ప్రయత్నం లేకుండానే ఆరు నెలలు, ఏడాదిలో ఒంటి బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, తప్పకుండా డాక్టరుకు చూపించాలి. దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు.

దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కుతారు కదా. ఆ వంగినప్పుడు కాళ్ళను చూడమని మా ట్రైనింగు పిల్లలకు చెబుతుంటాను, మీకూ అదే చెబుతున్నాను. చీలమండ మీద వేలితో కాసేపు నొక్కితే గుంట పడుతోందా? పడితే అది గుండెదో, మూత్రపిండాలదో కావచ్చు. కొన్ని రకాల బీపీ గోలీల వల్ల కూడా కాళ్ళు వాస్తాయి. వేళ్ళ సందుల్లో పుండు ఉందా, గోరు నల్లబడిందా చూడండి. షుగరు చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నొప్పి లేదు కాబట్టి చెప్పరు. ఆ పుండు మా దగ్గరికి వచ్చేసరికి వేలు తీసేయాల్సిన స్థితికి చేరినవి ఎన్నో ఉన్నాయి.

మతిమరుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం నాకూ ఉంది. అది వేరు. నలభై ఏళ్ళుగా చేసిన మలీద ముద్దలకు బెల్లం ఎప్పుడు వేయాలో తెలియక చేయి ఆగిపోవడం, తెలిసిన సందులోనే దారి తప్పడం, మనుమడిని కొడుకు పేరుతో పిలిచి అతనే కొడుకని వాదించడం, ఇవి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. అందులో అల్జీమర్స్ వాటా నూటికి 60 నుంచి 70. దాన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయితే బి12 తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా, మనసు కుంగినా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది. చెవుడు ఉన్నవారిని కూడా మతి తప్పిందని అనుకునే ఇళ్ళున్నాయి. ముందు పరీక్ష చేయించాలి, పేరు పెట్టడం తరువాత.

ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దమనిషి ఈరోజు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, మగతగా పడి ఉంటే, అది ముసలితనం కాదు, గాలి సోకడమూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. పండుగ అని చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకురండి.

పండుగ పనుల్లోనే రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. దసరా ముందు బూజు దులపడానికి అమ్మ స్టూలు ఎక్కుతుంది. తుంటి ఎముక విరిగి మంచం పట్టినవారిలో కొందరు మళ్ళీ నడవరు. ఆ కర్ర ఆమె చేతిలోంచి తీసుకుని మీరే దులపండి. రెండోది ఒక్కపొద్దు. షుగరు గోలీలు, ఇన్సులిన్ మామూలుగానే తీసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే తీసుకురావాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే వచ్చి డోసు మార్పించుకోండి. మన డాక్టర్లు ఎవరి నమ్మకాన్నీ కాదనరు.

ఇక ఉద్యోగం నుంచి దిగినవారి సంగతి. తెలంగాణలో 2021లో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 61కి పెంచారు. ఆ మూడేళ్ళూ గడిచిపోతాయి, తరువాత మళ్ళీ అదే ప్రశ్న. ఒక రిటైరైన పంతులు గారు వారానికి మూడుసార్లు గ్యాసు అని ఓపీకి వచ్చేవారు. ఈసీజీ, స్కానింగు అన్నీ బాగున్నాయి. ఒక దసరా మర్నాడు వచ్చినప్పుడు, ఈసారి జమ్మి ఆకు పట్టుకుని ఎంతమంది పిల్లలు వచ్చారు సార్ అని అడిగాను. ఇద్దరన్నారు. అంతకు ముందు వాకిలి నిండేదట. ఆరోజు ఆయన చాలాసేపు మాట్లాడారు, గ్యాసు మాట రాలేదు. ఇప్పుడు పక్క వీధి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతున్నారు. గ్యాసు పూర్తిగా పోలేదు గాని మూడుసార్లు ఒకసారికి తగ్గింది. నాకూ రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఇన్నేళ్ళు బెల్లుతో లేచి, బెల్లుతో తిన్న ఒళ్ళు రేపటి నుంచి దేనితో లేస్తుందని నేనూ ఆలోచిస్తున్నాను.

తోడు పోయినవారికి ఈ కాలం చాలా బరువు. పెత్రమాస నాడు ఇంట్లో పోయినవారి పేరున బియ్యం ఇస్తారు. అదే అమావాస్య సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. పొద్దున పోయినవారి రోజు, సాయంత్రం తంగేడు, గునుగు పూల రోజు. మన సంఘాల్లో నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి ఆచారం వారిది, కాని పోయినవారిని పేరు పెట్టి తలచుకునే రోజు ఇద్దరికీ ఉంది. అది మనసుకు మంచిది. ఏడవనివ్వకుండా "ఊరుకో, పండుగ పూట" అని నోరు నొక్కడం మంచిది కాదు. పోయిన మనిషి పిలిచినట్టు అనిపించడం, రెండు కంచాలు పెట్టబోయి ఒకటి వెనక్కి తీయడం, ఇవన్నీ దుఃఖంలో మామూలే. మెల్లగా తగ్గుతాయి. ఆరు నెలలు దాటినా రోజువారీ పని చేసుకోలేనంత దుఃఖం ఉంటే దాన్ని చికిత్స కావలసిన స్థితిగా గుర్తించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన రోగాల పట్టికలో ఉంది. మన ముసలివాళ్ళు దిగులని చెప్పరు. ఒళ్ళు నొప్పులు, నిద్ర లేదు, నోటికి రుచి లేదు అంటారు. బతకాలని లేదనే మాట వస్తే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. టెలిమానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

భర్త పోయినవారిని చాలా ఊళ్ళలో బతుకమ్మ దగ్గర దూరంగా నిలబెడతారు. చప్పట్లు కొట్టి ఆడిన మనిషి ఒక్క ఏడులో గోడ పక్కకు చేరుతుంది. మన సంఘాల్లో మాత్రం ఏం తక్కువ? పెళ్ళిళ్ళలో వాళ్ళు వెనక వరసకే పోతారు, ఎవరూ ముందుకు పిలవరు. ఆ ఒళ్ళు నొప్పులకు మేము ఇచ్చే గోలీ ఎంతవరకు పనిచేస్తుంది? చేయి పట్టుకుని వరసలోకి లాగే ఒక ఆడపడుచు ఉంటే చాలు. ఇది నర్సుగా చెబుతున్న మాట.

పెళ్ళయిన మొదటి ఏడు బతుకమ్మకు వచ్చిన బిడ్డను కూడా ఒకసారి పక్కకు పిలిచి అడగండి. అన్నం మానేస్తోందా, ఫోను మోగితే ఉలిక్కిపడుతోందా, చేతి మీద మచ్చలున్నాయా? ఆరో నాడు అలిగిన బతుకమ్మ అని ఆట ఆపుతారు. దేవతకే అలగడానికి ఒకరోజు ఇచ్చారు, మన బిడ్డ మాత్రం నవ్వుతూనే ఉండాలంటే ఎలా? సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. పెద్దవారికి ఆదరణ కరువైతే 14567 ఎల్డర్‌లైన్ ఉంది. 2007 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, అరవై దాటిన పెద్దలు తమ పోషణ కోసం ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

పండుగ తరువాత పెద్దవారిని తీసుకొచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న గోలీలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒకే సంచిలో వేసుకురండి. రక్తపరీక్ష కోసం ఖాళీ కడుపుతో రావాలా అన్నది ముందే ఫోను చేసి కనుక్కోండి. లోపలికి వచ్చాక డాక్టరు అడిగిన ప్రశ్నలకు మీరు జవాబు చెప్పకండి. అమ్మను చెప్పనివ్వండి. కాస్త ఆలస్యమైనా మేము ఆగుతాం.