మొదటి కంప్యూటరును విడిభాగాలతో కూర్చుకునే ముందు

ఇంట్లోకి ఒక పెద్ద వస్తువు కొనవలసి వచ్చినప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మన కుటుంబాలలో ఆనవాయితీ. ఫ్రిజ్ అయినా, కుట్టు మిషన్ అయినా పెద్దవారికి ఎంతో కొంత అనుభవం ఉంటుంది గనుక ఆ సంభాషణ సాఫీగానే సాగుతుంది. కాని కుమారుడు వచ్చి, "అబ్బా, రెడీమేడ్ కంప్యూటర్ వద్దు, భాగాలు విడివిడిగా కొని అమర్చుకుందాం" అన్నప్పుడు మాత్రం మాటలు తెగిపోతాయి. అతను చెప్పే పేర్లు తండ్రికి అర్థం కావు. తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంత డబ్బు ఆటల కోసమేనా, బేటా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి కుమారుడి వద్ద సరైన సమాధానం ఉండాలి. లేకపోతే ఇంటివారు ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము దుకాణదారు చెప్పిన జాబితా ప్రకారం ఖర్చయిపోతుంది.

మేము ఇక్కడ దృష్టిలో ఉంచుకున్నది మనకు తరచుగా కనిపించే కుటుంబాన్నే. కుమారుడు డిగ్రీ చదువుతూ, సెలవు దినాలలో వలీమా వీడియోలు ఎడిట్ చేసి కొంత సంపాదిస్తున్నాడు. అప్పుడప్పుడు తెలుగు, ఉర్దూ రెండింటిలో ఆహ్వాన పత్రికలు రూపొందిస్తాడు. చెల్లెలు బ్లెండర్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్నది. రాత్రి ఒక గంట ఆటలు ఆడుకోవాలన్న కోరిక కూడా ఉంది. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ గంట వీడియోను తయారు చేయడానికి రాత్రంతా తీసుకుంటున్నది. ఇటువంటి ఇంటికి విడిభాగాలతో కూర్చిన యంత్రం నిజంగానే మేలు. ఏ భాగం పాతబడితే ఆ భాగాన్నే మార్చుకోవచ్చు. ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

దుకాణానికి వెళ్ళే ముందు భాగాల జాబితా కాదు, పనుల జాబితా రాసుకోవాలి. ఏ కెమెరాతో తీసిన వీడియో? ఏ సాఫ్ట్‌వేర్? ఏ ఆటలు? ఏ మానిటర్ మీద? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం లేకుండా ఏ ప్రాసెసర్ మంచిదని అడగడం, ఎవరికో చెప్పకుండా షేర్వాణీ కుట్టమని దర్జీకి చెప్పడం వంటిది.

తండ్రి ప్రశ్నకు సమాధానం మొదట గ్రాఫిక్స్ కార్డు దగ్గర దొరుకుతుంది. ఇది ఆటలకు మాత్రమే పనికివచ్చే వస్తువని చాలామంది అనుకుంటారు. ఆటలో ప్రతి క్షణం లక్షలాది బిందువుల రంగును ఏకకాలంలో లెక్కించడం కోసమే ఇది పుట్టిన మాట వాస్తవం. అయితే ఆ లెక్కించే శక్తినే ఇతర పనులకు వాడుకునే మార్గాన్ని ఎన్విడియా సంస్థ కుడా పేరుతో 2007లో అందుబాటులోకి తెచ్చింది. నేడు బ్లెండర్ చిత్రాలను రెండర్ చేసేదీ, డావిన్సీ రిజాల్వ్ రంగులు దిద్దేదీ ఎక్కువగా ఈ కార్డుతోనే. ఏఎండీ కార్డులతో కూడా బ్లెండర్ పని చేస్తుంది. ఆటలలో అవి పెట్టిన డబ్బుకు మంచి ఫలితమే ఇస్తాయి. కాని త్రీడీ పని ముఖ్యమైన ఇంటికి మేము ఎన్విడియా వైపే మొగ్గు చూపుతాము. సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఏళ్ళుగా దానిని దృష్టిలో పెట్టుకుని పని చేయడమే దీనికి కారణం.

కార్డు ఎంచుకునేటప్పుడు అందరూ వేగాన్ని చూస్తారు, దానిలోని మెమరీని చూడరు. ఆటగాడికి, కళాకారుడికి దారులు వేరయ్యేది ఇక్కడే. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 12 గిగాబైట్ల మెమరీ గల రకం ఉంది. దాని తరువాత 2023లో వచ్చిన 4060 ఆటలలో వేగవంతమైనది, కరెంటు కూడా తక్కువ తీసుకుంటుంది. కాని దాని మెమరీ 8 గిగాబైట్లే. చెల్లెలు బ్లెండర్‌లో చెట్లు, భవనాలు, పెద్ద పెద్ద చిత్రాలతో ఒక దృశ్యాన్ని నిర్మించి అది 8 గిగాబైట్లు దాటిందనుకోండి, వేగవంతమైన కొత్త కార్డు కుంటుపడుతుంది లేదా పని మధ్యలోనే ఆగిపోతుంది. పాత కార్డు నెమ్మదిగానైనా పూర్తి చేస్తుంది. 2025లో వచ్చిన 5060 టీఐ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే పేరుతో 8 గిగాబైట్ల రకం ఒకటి, 16 గిగాబైట్ల రకం ఒకటి అమ్ముతున్నారు. పెట్టెమీది అంకెను స్వయంగా చదవాలి. త్రీడీ పని ఉన్న ఇంటికి 12కు తక్కువ వద్దని మా అభిప్రాయం. ఆటలు, సాధారణ వీడియో ఎడిటింగ్ మాత్రమే అయితే 8తో సరిపెట్టుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి ఒక మాట. ఎథీరియం అనే డిజిటల్ కరెన్సీ 2022 సెప్టెంబరులో తన పద్ధతిని మార్చుకోవడంతో, దాని కోసం రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు ప్రపంచమంతటా సంతలోకి వచ్చిపడ్డాయి. వాటిలో బాగున్నవీ ఉన్నాయి. అసలు బిల్లు, మిగిలి ఉన్న వారంటీ, కళ్ళెదుట అరగంట పాటు బరువైన ఆట నడిపి చూపించడం, ఈ మూడింటిలో ఏది లేకపోయినా తీసుకోవద్దు.

ఇక ప్రాసెసర్. ఇక్కడ దుకాణంలో చాలామంది గమనించని ఒక చిన్న అక్షరం ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర 'ఎఫ్' ఉంటే దానిలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదని అర్థం. ఐ5 12400 వేరు, ఐ5 12400ఎఫ్ వేరు. ఎఫ్ రకం కొంత చవక. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారు గదా, ఇది చాలు అని దుకాణదారు సలహా ఇస్తాడు. ఆటలు మాత్రమే ఆడేవారికి ఆ సలహా సరైనదే. వీడియో ఎడిట్ చేసేవారికి కాదు. ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే విభాగం ఉంటుంది. కెమెరాలు కుదించి ఇచ్చే వీడియోను విప్పి చూపడమే దాని పని. నేటి సోనీ, కెనాన్ మిర్రర్‌లెస్ కెమెరాలు అనేకం హెచ్.265 పద్ధతిలో, 10 బిట్, 4:2:2 అనే మేలైన రంగుల కొలతతో రికార్డు చేయగలవు. 30, 40 శ్రేణుల ఆర్‌టీఎక్స్ కార్డులు ఈ రకం వీడియోను విప్పలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి క్విక్ సింక్ విప్పగలదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డులు కూడా విప్పగలవు. ఎఫ్ రకం ప్రాసెసర్, 4060 కార్డు కొన్న యువకుడు నిఖా వీడియోను టైమ్‌లైన్ మీద పెట్టగానే అది ఆగి ఆగి కదలడం చూసి, ఇంత ఖర్చు పెట్టి లాభమేమిటని బాధపడతాడు. అటువంటి వీడియోలను తేలికపాటి ప్రాక్సీ ప్రతులుగా మార్చుకుని ఎడిట్ చేయడం ఒక మార్గమే. అయితే అందుకు అదనపు సమయం, అదనపు స్థలం కావాలి. అంతర్గత గ్రాఫిక్స్ ఉండడంలో మరొక ప్రయోజనం కూడా ఉంది. గ్రాఫిక్స్ కార్డు పాడై సర్వీసుకు వెళ్ళిన వారాలలో కంప్యూటర్ మూలన పడదు.

ఏఎండీ వైపు చూస్తే రైజన్ 5 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంది, 7500ఎఫ్‌లో లేదు. పాత రైజన్ 5 5600లోనూ లేదు. ఏఎండీకి ఒక ముఖ్యమైన బలం ఉంది. 2022లో ప్రవేశపెట్టిన ఏఎం5 సాకెట్‌ను 2027 వరకైనా కొనసాగిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. అంటే మూడేళ్ళ తరువాత మదర్‌బోర్డు మార్చకుండానే కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చు. ఇంటెల్ 12, 13, 14వ తరాలు వాడే సాకెట్‌కు ఇక కొత్త తరం రాదు. కాబట్టి వలీమా వీడియోలే ప్రధాన జీవనోపాధి అయితే ఇంటెల్, ఆటలు, త్రీడీ ప్రధానమైతే ఏఎండీ అని మేము చెబుతాము. ఆరు కోర్ల ప్రాసెసర్ మొదటి కంప్యూటరుకు చాలు. మిగిలిన డబ్బును ర్యామ్ మీద పెట్టడం మేలు.

ర్యామ్ ధరలు 2025 చివరి నెలల నుంచి బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న డేటా కేంద్రాలకు మెమరీ తరలిపోవడం దీనికి ముఖ్య కారణం. ఆ భారం చివరకు మన ఇంటి బడ్జెట్ మీద కూడా పడింది. ఆటలకు 16 గిగాబైట్లతో గడుస్తుంది. 4కే వీడియోకు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు 32 ఉండాలి. ఇప్పుడు 32 కొనలేకపోతే నాలుగు స్లాట్లు ఉన్న మదర్‌బోర్డు తీసుకుని, 8 చొప్పున రెండు వేసి, తరువాత అటువంటివే మరో రెండు చేర్చే వీలు ఉంచుకోవాలి. ఒకే 16 కంటే రెండు 8లు వేగంగా పని చేస్తాయి. మెమరీకి రెండు దారులు తెరుచుకోవడమే అందుకు కారణం. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు. బోర్డు ఏది అడుగుతుందో చూసి కొనాలి.

నిల్వకు ఒక టెరాబైట్ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పూర్తయిన వీడియోలు దాచడానికి సాధారణ హార్డ్ డిస్కు ఉంటే చాలు. పెళ్ళివారి వీడియో ఒకే చోట ఉంచడం మాత్రం ఎన్నటికీ వద్దు. ఆ రోజు తిరిగి రాదు. వేరే డిస్కులో మరొక ప్రతి ఉండి తీరాలి.

దుకాణాలలో బేరం కుదిరాక చివరగా, దాదాపు ఉచితమన్నట్లు కలిపి ఇచ్చే వస్తువు ఎస్‌ఎంపీఎస్. కరెంటును అన్ని భాగాలకు పంచేది ఇదే. ఇది చెడితే ఒక్కోసారి తనతో పాటు ఖరీదైన కార్డును కూడా తీసుకుపోతుంది. క్యాబినెట్‌తో పాటు వచ్చే పేరులేని డబ్బా మీద 450 వాట్లని రాసి ఉన్నా ఆ అంకెను నమ్మవలసిన పని లేదు. లెక్క వేసి చూద్దాం. 5060 టీఐ కార్డు 180 వాట్లు, రైజన్ 7600 గరిష్ఠంగా 88 వాట్లు, మిగిలినవన్నీ కలిపి మరో 50 లేదా 60. మొత్తం 330కి దగ్గరలో. క్షణకాలపు ఉద్ధృతిని కూడా తట్టుకోవాలి గనుక పేరున్న సంస్థ తయారు చేసిన 550 లేదా 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. దానిమీది 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువగా వృథా అవుతుందో చెబుతుందే గాని నాణ్యతకు పూర్తి హామీ కాదు. అందుచేత ఎన్నేళ్ళ వారంటీ ఇస్తున్నారో కూడా చూడాలి.

యూపీఎస్ విషయంలోనూ ఇదే లెక్క. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. పైన చెప్పిన కంప్యూటర్, మానిటర్ కలిసి రెండర్ చేస్తున్న వేళ కరెంటు పోతే అది ఆ భారాన్ని మోయలేక అక్కడికక్కడే ఆగిపోవచ్చు. 1000 వీఏ తీసుకోవడం క్షేమం. ప్లగ్గుకు సరైన ఎర్తింగ్ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

క్యాబినెట్ అందం గురించి మేము పెద్దగా చెప్పదలచుకోలేదు. ముందు భాగం గాజుతో మూసుకుపోయి, రంగురంగుల దీపాలతో మెరిసేది రెంటచింతల ఎండకు తగినది కాదు. గదిలోనే 40 డిగ్రీలుంటే పెట్టె లోపలి సంగతి చెప్పనక్కర లేదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. జాలీ ముఖం, రెండు మూడు ఫ్యాన్లు, దుమ్ము వడపోత ఉంటే చాలు.

మానిటర్‌ను కూడా బడ్జెట్‌లో మొదటి నుంచే చేర్చాలి. పత్రికలు డిజైన్ చేసేవారికి ఐపీఎస్ తెర, ఎస్ఆర్‌జీబీ రంగులను పూర్తిగా చూపే గుణం అవసరం. తెరమీద మెహందీ రంగులో కనిపించింది ప్రెస్సులో ఇటుక రంగుగా వస్తే నష్టపోయేది డిజైనరే. 144 హెర్ట్‌జ్ వేగం ఆటలకు హాయి. ఈ రెండు గుణాలూ ఉన్న 24 అంగుళాల మానిటర్లు నేడు దొరుకుతున్నాయి. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే రంగులను ఎంచుకోవాలి.

ధరలు వారం వారం మారుతున్నాయి గనుక రూపాయలకు బదులు వాటాలు చెబుతాము. మానిటర్, యూపీఎస్ కాక మిగిలిన మొత్తంలో మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకు, నాలుగో వంతు ప్రాసెసర్, మదర్‌బోర్డులకు కలిపి పెట్టవచ్చు. మిగిలినదానిలో ర్యామ్‌ది పెద్ద వాటా.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట ఒక పూట తిరిగితే నాలుగు దుకాణాల ధరలు తెలుస్తాయి. ఆన్‌లైన్ ధరలతోనూ పోల్చుకోవాలి. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామన్నవారికి నమస్కారం పెట్టి రావడమే ఉత్తమం. 18 శాతం జీఎస్టీతో కూడిన బిల్లే రేపు వారంటీకి ఆధారం. ప్రతి భాగం క్రమసంఖ్య దానిమీద రాయించుకోవాలి. 'నో కాస్ట్ ఈఎంఐ' అనే మాట విని వడ్డీ లేదని భావించే మన పాఠకులు ఒక విషయం గమనించాలి. చాలా సందర్భాలలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అంత మొత్తాన్ని అమ్మకందారు ధరలో ముందుగా తగ్గిస్తాడు, అంతే. ఆ వడ్డీ మీద జీఎస్టీ కూడా మన స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. వడ్డీకి దూరంగా ఉండదలచినవారు గ్రాఫిక్స్ కార్డును ఆరు నెలలు వాయిదా వేసి, అంతర్గత గ్రాఫిక్స్‌తోనే పని మొదలుపెట్టవచ్చు. విడిభాగాల యంత్రం ఇచ్చే వెసులుబాటు ఇదే. సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలూ అవసరం లేదు. బ్లెండర్, క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రకమే 4కే యూహెచ్‌డీ వరకు వీడియోను తయారు చేస్తుంది.

అమర్చిన తరువాత దుకాణంలోనే ఒకసారి నడిపించి చూడాలి. బయోస్‌లోకి వెళ్ళి ర్యామ్‌కు ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయించాలి. లేకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న వేగం కంటే తక్కువ వేగంతో అది నడుస్తూ ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇంటికి తెచ్చాక మానిటర్ కేబులును మదర్‌బోర్డు వెనుక ఉన్న రంధ్రంలో కాక, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు రంధ్రంలోనే పెట్టాలి.