శాసనాలకెక్కని కథ

ఉరుములు, గ్రహణాలు అర్థంకాక ఆదిమానవుడు కథలల్లుకున్నాడని, గాథలన్నీ అలా పుట్టినవేనని ఒకప్పటి పండితులు తేల్చేశారు. అందులో కొంత నిజముంది. అయితే అమెరికాలో ఆరిగన్ ప్రాంతపు క్లామత్ తెగవారి గాథ చూస్తే అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆకాశదేవుడు స్కెల్‌కూ, పాతాళదేవుడు లావోకూ పోరు జరిగి, లావో ఉన్న కొండ కుప్పకూలిందని, ఆ గుంటలో నీళ్లు నిండి సరస్సయిందని వాళ్లు చెబుతారు. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా అగ్నిపర్వతం పేలి కూలడం వల్లే క్రేటర్ లేక్ ఏర్పడిందని భూగర్భశాస్త్రం చెబుతోంది. 1938లో అక్కడి ఫోర్ట్ రాక్ గుహలో ఆ బూడిద పొర కింద అల్లిన చెప్పులు దొరికాయి. అంటే పేలుడు నాటికే అక్కడ మనుషులున్నారన్నమాట.

ఓడినవాళ్లకు గాథ అవసరం ఇంకా ఎక్కువ. శాసనాలు చెక్కించినది రాజులు, సామంతులు, ధనికులు. వాటిలో కనిపించేవి దానాలు, చెరువులు, విజయాలు. కరువులో కప్పం కట్టలేక కాకతీయ సైన్యాన్ని ఎదిరించి చనిపోయిన కోయదొరల సంగతి మేడారం జాతర కథలోనే వినాలి. దొర పగిడిద్దరాజు, ఆయన కూతురు సారలమ్మ పోరులో నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు; అది జంపన్న వాగయింది. గాయపడిన పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే. వాగుకు ఆ పేరెందుకు, గుట్టకు మొక్కడమెందుకు, గద్దెల మీద విగ్రహాలు ఎందుకు లేవు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ కథలోనే ఉంది.

ఈ కథ ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే జాతరకు సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, ఆ కుటుంబానికే చెందిన గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. ఒక్కో ఊరు ఒక్కో దేవరను దాచుకుంది గనుక, అందరూ కలిస్తేనే కథ పూర్తవుతుంది. చెదిరిన పల్లెలు తామంతా ఒకే వంశమని గుర్తుచేసుకునే పద్ధతి ఇదే కావచ్చు.

రాతలో లేని కథ మారుతుంది కూడా. కోయల్లో డోలీ కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డ ముందు పెట్టుకుని వంశగాథలు పాడతారు. వాళ్లు పాడేదీ, మైదానంలో వినిపించేదీ అన్నిచోట్లా ఒకటి కావు. కోయలకు సమ్మక్క ఇంటి ఆడపడుచు. దూరం నుంచి వచ్చి నిలువెత్తు బెల్లం, అదే ‘బంగారం’, తూచి ఇచ్చే భక్తురాలికి కోరిన సంతానమిచ్చే తల్లి.