దారితప్పే వృద్ధులకు ఎలక్ట్రానిక్ రక్షణ
పరికరంతో పాటు ముందస్తు సన్నద్ధత అవశ్యం

విజయవాడ: డిమెన్షియా వ్యాధికి లోనైన వృద్ధులు ఇంటి నుంచి బయటికి వెళ్ళి తిరిగి రాలేకపోవడం కుటుంబ సభ్యులను, పోలీసు యంత్రాంగాన్ని ఒకేసారి కలవరపరిచే సమస్య. అటువంటి వారి జాడ తెలిపే ఎలక్ట్రానిక్ పరికరాలు నేడు మార్కెట్లో లభిస్తున్నాయి. అయితే ఏ పరికరం ఏ పని చేయగలదో, ఏది చేయలేదో గ్రహించి ముందుగా సిద్ధపడినప్పుడే అవి ప్రాణరక్షణకు ఉపకరిస్తాయి.

సమస్య తీవ్రత

2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్ళు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. ఈ వ్యాధిగ్రస్తుల్లో ప్రతి 10 మందిలో 6 గురు ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పుతారని అమెరికాకు చెందిన అల్జీమర్స్ అసోసియేషన్ పేర్కొంటున్నది. పైకి గమ్యం లేనట్లు కనిపించే ఈ ప్రయాణానికి తరచుగా ఒక ఉద్దేశం ఉంటుంది. ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచినా పనికి బయలుదేరడం, ఉన్న ఇంటిని గుర్తించలేక చిన్ననాటి ఇల్లు వెతుక్కోవడం ఇందుకు ఉదాహరణలు.

వన్ టౌన్ పరిస్థితి

ఇంద్రకీలాద్రి, కృష్ణానది, రైల్వే స్టేషన్‌ల సమీపంలో విస్తరించిన విజయవాడ వన్ టౌన్‌లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కాళేశ్వరరావు మార్కెట్, వస్త్రలత పరిసరాల్లో రద్దీ అధికం. కొండవాలు ఇళ్ళకు మెట్లదారులే ఆధారం. ప్రకాశం బ్యారేజీ వద్ద మొదలయ్యే కాలువలు నగరం గుండా సాగుతాయి. స్టేషన్‌లో రైలెక్కిన వ్యక్తి కొద్ది గంటల్లోనే మరో రాష్ట్రానికి చేరవచ్చు. కనుక ఇక్కడ గాలింపులో తొలి గంట అత్యంత కీలకం.

పరికరాలు - పరిమితులు

జీపీఎస్ పరికరం ఉపగ్రహ సంకేతాల ఆధారంగా తానున్న చోటును లెక్కించి, సిమ్ కార్డు ద్వారా కుటుంబ సభ్యుల ఫోనుకు పంపుతుంది. నిర్ణీత పరిధి దాటిన వెంటనే హెచ్చరించే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది. అయితే ఇరుకు సందుల్లో, భవనాల లోపల సంకేతం బలహీనపడి చూపే చోటు తప్పవచ్చు. చార్జింగ్ అయిపోయినా, సిమ్ గడువు ముగిసినా పరికరం నిరుపయోగమవుతుంది.

బ్లూటూత్ ట్యాగులు సమీపంలోని ఇతరుల ఫోన్ల సాయంతో జాడ చెబుతాయి. రద్దీ వీధుల్లో ఇవి కొంత ఉపకరించినా, నిర్జన ప్రదేశంలో ఫలితం ఉండదు. ఇవి వస్తువుల కోసం రూపొందినవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక క్యూఆర్ కోడ్ లాకెట్ మనిషి ఎక్కడ ఉన్నదీ తెలుపదు. ఎవరైనా గమనించి స్కాన్ చేసినప్పుడు మాత్రమే ఇంటివారి వివరం అందిస్తుంది. చార్జింగ్ అవసరం లేకపోవడం, ఖర్చు స్వల్పం కావడం దీని సౌలభ్యాలు.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం చెసపీక్‌లో 1999లో ప్రారంభమైన ప్రాజెక్ట్ లైఫ్‌సేవర్ కింద వృద్ధుల చేతికి రేడియో సంకేతాలు వెలువరించే పట్టీ అమర్చుతారు. శిక్షణ పొందిన సిబ్బంది ఆ సంకేతాన్ని అనుసరించి గాలిస్తారు. జపాన్‌లోని ఇరుమా నగరం 2016లో గోళ్ళపై అతికించే క్యూఆర్ స్టిక్కర్లను ప్రవేశపెట్టింది.

బ్రిటన్‌లో అమలవుతున్న హెర్బర్ట్ ప్రొటోకాల్‌కు ఏ పరికరమూ అక్కరలేదు. నార్మండీ పోరులో పాల్గొని, వృద్ధాప్యంలో డిమెన్షియాకు గురైన జార్జ్ హెర్బర్ట్ పేరిట వెలసిన ఈ విధానంలో వృద్ధుని ఫోటో, ఆనవాళ్ళు, వాడే మందులు, పూర్వం నివసించిన, పనిచేసిన చోట్ల వివరాలను కుటుంబం ముందుగానే ఒక పత్రంలో నింపి ఉంచుతుంది. వ్యక్తి కనిపించని మరుక్షణం ఆ పత్రం పోలీసులకు అందుతుంది.

అంగీకారం, గౌరవం

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పిన విషయం విదితమే. వ్యాధి వచ్చినంత మాత్రాన ఆ హక్కు తొలగిపోదు. వ్యాధి తొలిదశలో, అర్థం చేసుకునే శక్తి ఉన్నప్పుడే విషయం వివరించి వృద్ధుల అంగీకారం పొందడం ఉత్తమం. జాడ ఎవరు చూడవచ్చో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి. పరికరం ఉన్నదన్న ధీమాతో తోడు లేకుండా వదలడం, పరికరం పేరిట గదిలో బంధించడం రెండూ తగనివే.

చట్టం ఏమి చెబుతోంది

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ ప్రకారం, మానసిక అస్వస్థతతో తనను తాను చూసుకోలేని స్థితిలో సంచరిస్తున్నట్లు భావించిన వ్యక్తికి పోలీసులు రక్షణ కల్పించాలి. 24 గంటల్లోగా సమీప ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో ఉంచరాదు. కుటుంబాన్ని గుర్తించే బాధ్యత స్టేషన్ హౌస్ అధికారిపై ఉన్నది. చట్టంలోని నిర్వచనం జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్ర రుగ్మతలను కూడా పేర్కొనడం గమనార్హం.

కుటుంబాలు చేయవలసినది

వృద్ధుల ఇటీవలి ఫోటోను, వివరాల పత్రాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. పరికరం చార్జింగ్ బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించాలి. ఇరుగుపొరుగు వారికి, వీధి చివరి దుకాణదారుకు, ఆటో స్టాండు వారికి విషయం తెలియజేయాలి. వ్యక్తి కనిపించకపోతే ఫిర్యాదుకు 24 గంటలు ఆగాలన్న నియమమేదీ లేదు. వెంటనే 112కు ఫోన్ చేయాలి. నదీతీరం, కాలువ గట్లు, రైల్వే స్టేషన్, వారి పాత నివాసం, పాత పనిచోటు ముందుగా చూడాలి. వృద్ధులకు సంబంధించిన సలహా, సహాయాలకు ఎల్డర్ లైన్ 14567ను సంప్రదించవచ్చు.

పరికరం జాడ చూపగలదు గాని చేయిపట్టి ఇంటికి తీసుకురాలేదు. ఆ పని కుటుంబం, ఇరుగుపొరుగు, పోలీసు యంత్రాంగం కలిసి చేయవలసినదే.