గుండె లయ తప్పితే గుండె జారనక్కరలేదు

మైలవరం: రాత్రి భోజనాలయి నడుం వాల్చిన వేళ గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పుతుంది. క్షణంసేపు ఆగిపోయినట్టుండి, మరుక్షణం లోపలినుంచి ఎవరో గుద్దినట్టు గట్టిగా కొట్టుకుంటుంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు, పొడిదగ్గు వచ్చినట్టు అవుతుంది. ఒక్కొక్కరికి ఇది రోజుకు పదిసార్లు, మరికొందరికి వందలసార్లు. ఇంట్లో చెబితే "గ్యాసయి ఉంటుంది, పడుకో" అంటారు. చెప్పుకోలేక, ఊరుకోలేక నాడి పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవారు ఊరూరా ఉంటారు.

ఈ బాధ భ్రమ కాదు. అలాగని ప్రతిసారీ ప్రాణాపాయమూ కాదు. గుండె కండరం, కవాటాలు బాగున్నవారిలో ఇటువంటి తప్పుదెబ్బలు చాలావరకు హాని చెయ్యవు. అయితే తన గుండె బాగున్నదో లేదో ఎవరికి వారు తేల్చుకోలేరు. అందుకు ఒకసారి పరీక్ష తప్పదు. ఆ పరీక్ష అయ్యాక మిగిలేది వాటితో కాపురం చెయ్యడం నేర్చుకోవడమే.

గుండె ఆగిందా?

గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజంతా కలిపి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. గుండె కుడివైపు పై గదిలో ఉండే చిన్న కణాల గుంపు పుట్టించే విద్యుత్ సంకేతమే దీనికి తాళం వేస్తుంది. ఒక్కొక్కప్పుడు గుండెలోనే మరోచోటి నుంచి వేళకు ముందే ఒక సంకేతం బయలుదేరుతుంది. అప్పటికి గుండెలోకి రక్తం పూర్తిగా చేరి ఉండదు గనుక ఆ దెబ్బ బలహీనంగా పడి నాడికి అందదు. మనకు దెబ్బ తప్పినట్టు తోస్తుంది. ఆ తర్వాత వచ్చే చిన్న విరామంలో రక్తం ఎక్కువగా చేరి, తర్వాతి దెబ్బ బలంగా పడుతుంది. గుద్దినట్టనిపించేది అదే. చేలో ఆయిల్ ఇంజను ఒక దెబ్బ తప్పి మళ్ళీ అందుకున్నట్టన్నమాట. డాక్టర్లు వీటిని ఎక్టోపిక్ బీట్లు అంటారు.

ఆరోగ్యవంతుల గుండెను సైతం 24 గంటలు నమోదు చేసి చూస్తే చాలామందిలో ఇవి కనిపిస్తాయి. కొందరికి ఒక్కటీ తెలియదు, కొందరికి ప్రతిదీ తెలుస్తుంది. పగలు పని సందడిలో మరుగున పడినవి రాత్రి నిశ్శబ్దంలో బయటపడతాయి. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది గనుక మరింత తెలుస్తాయి.

వేటివల్ల ఎక్కువవుతాయి?

నిద్ర చాలకపోవడం, సారా, బ్రాందీ వంటి మత్తు పానీయాలు, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కాలు వీటికి ఎరువు వేసినట్టే. కొందరికి కాఫీ, టీలు ఎక్కువైనా వస్తాయి. మామిడి కాపు కాలంలో తోట కాపలాకు రాత్రులు మేలుకుని, ఆ మెలకువకు టీని, బీడీని తోడు తెచ్చుకునే రైతు తెలియకుండానే వీటిని పిలుచుకుంటున్నాడు. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ జబ్బు, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు, జలుబుకు మందుల షాపులో అడిగి మింగే కొన్ని మాత్రలు కూడా కారణం కావచ్చు.

వాంతులు, విరేచనాలు అయినా, మండుటెండలో పనిచేసి చెమటకు వడిలినా ఒంట్లోని పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలు తగ్గి గుండె లయ చెడుతుంది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, అరటిపండు మేలు చేస్తాయి. కానీ మూత్రపిండాల జబ్బున్నవారికి ఈ సలహా వర్తించదు. వారి ఒంట్లో పొటాషియం బయటకు పోక పేరుకుంటుంది. అది హద్దుమీరితే గుండె ఆగిపోయే ప్రమాదమున్నది. మన పొరుగున ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎందరిని పట్టి పీడిస్తున్నదో తెలిసిందే. అక్కడివారు డాక్టరును అడగకుండా కొబ్బరినీళ్ళు తాగరాదు.

పురుగుమందు చల్లిన రోజున చెమటలు పట్టి, నోట నీరూరి, చూపు మసకబారి, నాడి తేడాగా కొట్టుకుంటే దాన్ని మామూలు గుండెదడగా తీసుకోకూడదు. వెంటనే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చాలి.

ఏ పరీక్షలు చెయ్యాలి?

మొదటిది ఈసీజీ. రెండవది ఎకో. గుండె కండరం, కవాటాలు ఎలా ఉన్నాయో ఇందులో కనిపిస్తాయి. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, లవణాలు చూస్తారు. ఈసీజీ తీసే కొద్ది క్షణాల్లో తప్పుదెబ్బ దొరక్కపోతే ఛాతీకి చిన్న యంత్రం తగిలించి 24 గంటలు నమోదు చేస్తారు. దీన్ని హోల్టర్ అంటారు. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940లలో మొదట తయారుచేసిన యంత్రం బరువు సుమారు 38 కిలోలు. అంటే అర బస్తా ధాన్యాన్ని వీపున మోసినట్టే. ఇప్పుడది జేబులో పట్టే వస్తువయింది.

ఇందులో తప్పుదెబ్బల లెక్క తేలుతుంది. గుండె కింది గదుల నుంచి వచ్చేవి మొత్తం దెబ్బల్లో పదోవంతుకు మించితే, ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో గుండె బలహీనపడవచ్చు. అటువంటివారు బాధ లేకపోయినా డాక్టరు చెప్పిన గడువులో ఎకో చేయించుకుంటూ ఉండాలి.

మాత్ర అడిగి పుచ్చుకోవద్దు

తప్పుదెబ్బలను అణిచేస్తే ప్రాణం నిలుస్తుందని ఒకప్పుడు డాక్టర్లే నమ్మారు. గుండెపోటు వచ్చి కోలుకున్నవారిపై అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరిశీలన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. 1991లో వెల్లడయిన లెక్కల ప్రకారం ఎంకనైడ్, ఫ్లెకనైడ్ అనే మందులు వాడిన 755 మందిలో 63 మంది మరణించారు. మందులేని ఉత్త మాత్ర మింగిన 743 మందిలో చనిపోయినవారు 26 మంది. తప్పుదెబ్బలు తగ్గాయి, మరణాలు పెరిగాయి. అందుకే గుండె బాగున్నవారికి ఈనాడు ధైర్యం చెప్పడమే మొదటి వైద్యం. బాధ భరించలేనిదయితే బీటా బ్లాకర్ మందులు ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వాడుతున్న మందును ఒక్కసారిగా మానరాదు. మరీ ఎక్కువగా ఉన్నవారికి తొడ రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, లయ తప్పిస్తున్న చోటును కాల్చే చికిత్స కూడా ఉన్నది.

గుండెకు మంచిదని తెల్లమద్ది బెరడు కషాయం తాగేవారు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. గన్నేరు చెట్టులోని ఏ భాగాన్నీ నోట పెట్టరాదు. అందులో గుండె లయను చెడగొట్టే విషమున్నది.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

కళ్ళు బైర్లు కమ్మి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, ఆగకుండా దడదడ కొట్టుకుంటున్నా 108కి ఫోను చెయ్యాలి. పనిచేస్తున్నకొద్దీ తప్పుదెబ్బలు ఎక్కువవుతున్నా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారున్నా, ఇంతకుముందు గుండెపోటు వచ్చినా విజయవాడ ప్రభుత్వాసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలి.

మరొకటున్నది. నాడి అప్పుడొకటి ఇప్పుడొకటి తప్పడం వేరు, అసలు వరుసే లేకుండా కొట్టుకోవడం వేరు. రెండోది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. ఇందులో గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. చిన్నతనంలో గొంతునొప్పి, జ్వరం, కీళ్ళనొప్పులతో మొదలై గుండె కవాటాలు చెడినవారిలోనూ, వయసు మళ్ళినవారిలోనూ ఇది ఎక్కువ. దీనికి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు డాక్టరు చూసి ఇవ్వాలి.

రోజులు గడిపేదెలా?

భయపడితే ఒంట్లో ఎడ్రినలిన్ పెరుగుతుంది. దానివల్ల తప్పుదెబ్బలు ఎక్కువవుతాయి. వాటిని చూసి మళ్ళీ భయం. ఈ గానుగ తిరుగుడు ఆపాలంటే గడియగడియకూ నాడి చూడడం మానాలి. చూడదలిస్తే రోజుకొకసారి, మణికట్టు దగ్గర బొటనవేలి కింద రెండు వేళ్ళు ఆనించి నిండు నిమిషం లెక్కపెడితే చాలు. ఏ రోజు ఎక్కువయ్యాయో, ఆ రోజు ఏం తిన్నారో, ఎంత నిద్రపోయారో ఒక పుస్తకంలో రాసుకుంటే కారణం దానంతటదే తెలుస్తుంది. రాత్రి పెందలాడే తేలికగా భోంచేసి, కుడివైపు తిరిగి పడుకోవడం కొందరికి హాయినిస్తుంది. పరీక్షలో గుండె బాగున్నదని తేలినవారు నడక మానకూడదు, పొలం పనీ మానక్కరలేదు.

ఇంట్లోవారు చెయ్యవలసింది కూడా ఉన్నది. "నీదంతా అనుమానం" అనే మాట మందు కాదు. దెబ్బ తప్పడం నిజమని ఒప్పుకుని, పరీక్షకు వెంట వెళ్ళి, డాక్టరు చెప్పింది ఇద్దరూ వినాలి. బాగున్నదన్న మాట ఇద్దరి చెవినా పడితే అర్ధరాత్రి దడ వచ్చినప్పుడు దాన్ని గుర్తుచెయ్యడానికి పక్కన మనిషి ఉంటారు.