కాలిన క్లచ్చు: కారణములు, మరమ్మతు

సార్వా దమ్ములు సాగుచున్న దినములలో ట్రాక్టరు చేను నడుమ నిలిచిపోవుటకంటె రైతునకు క్లేశకరమైనది వేరొకటి లేదు. కాలువ నీరు వంతు వచ్చినపుడే వచ్చును. నారు ముదిరిపోవుచుండును. ఊడ్పు కూలీలు మన కొఱకు కనిపెట్టుకొని యుండక వేరొకరి చేనికి పోవుదురు. అట్టి సమయమున ఇంజను హోరుమని తిరుగుచున్నను చక్రములు కదలక, మాడిన వాసన ముక్కునకు సోకినచో, క్లచ్చు కాలినదని యెఱుగవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట డెల్టాలోని యొక గ్రామ సహకార సంఘమువారు తమ అద్దె ట్రాక్టరునకు ఇట్టి యాపద కలిగినదని మాకు కబురంపిరి. మేము పోవుసరికి సంఘపు అరుగుమీద పంచాయతీ నడచుచుండెను. డ్రైవరు పెడలుమీద కాలుంచి నడుపుటచేతనే క్లచ్చు కాలినదనియు, క్రొత్త ప్లేటు వెలయు మరమ్మతు కూలియు వాని జీతములో కోయవలయుననియు కొందఱు సభ్యులు పట్టుబట్టిరి. క్రిందటి యేడే క్రొత్త ప్లేటు వేయించితిమి, ఏడాది తిరుగకుండ మరల కాలినచో తప్పు వానిది కాక మఱెవరిదని వారి వాదము. డ్రైవరు తల వంచుకొని నిలుచుండెను. నిజము చెప్పవలెనన్న మాకును తప్పు వానిదేనని తోచెను. అయినను, విప్పి చూడక తీర్పు చెప్పుట న్యాయము కాదని మేమంటిమి. విప్పినపుడు కనబడినది కడపట చెప్పెదము.

క్లచ్చు పని యెట్టిది

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన ఇనుప చక్రము తిరుగుచుండును. దాని కెదురుగా ప్రెషరు ప్లేటు కలదు. ఈ రెంటి నడుమ క్లచ్చు ప్లేటు ఉండును. రెండు అరచేతుల నడుమ నొక పలుచని పీటను గట్టిగా అదిమిపట్టినట్లు, బలమైన స్ప్రింగులు ఆ ప్లేటును అదిమిపట్టును. అపుడు ఇంజను బలము గేరుబాక్సునకు పోవును. పెడలు త్రొక్కినచో పట్టు సడలి, ప్లేటు విడిపోవును.

పట్టు పూర్తిగా నున్నను, పూర్తిగా లేకున్నను కీడు లేదు. సగము పట్టియు సగము జారుచు నుండుటయే కీడు. 45 గుఱ్ఱపు బలముల ఇంజను పూర్తి బలముతో లాగుచుండగా, క్లచ్చు జారి గేరుబాక్సు షాఫ్టు సగము వేగముతోనే తిరిగినదనుకొందము. ఇంజను బలములో సగము, అనగా సుమారు 17 కిలోవాట్లు, ఆ ప్లేటు చెంతనే వేడిగా మారును. వేయి వాట్ల ఇస్త్రీపెట్టెలు పదునేడు ఒక్కచోట కాలుచున్నట్లు భావింపుడు. ఇక ఆ లైనింగు మాడక యేమగును?

కాలుటకు కారణములు

మొదటిది, పనిలేనపుడును పెడలుమీద పాదమును ఆనించి యుంచుట. రెండవది, బురదలో దిగబడిన బండిని లాగుటకై సగము పెడలు త్రొక్కి ఇంజనును అరపించుట. మూడవది, పెడలునకు ఉండవలసిన ఖాళీ కదలిక లేకపోవుట. చేతితో నొక్కినపుడు పెడలు కొంతదూరము బరువు లేక దిగవలెను. పెక్కు ట్రాక్టరులకు ఈ ఖాళీ 20 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు ఉండును. మీ బండి పుస్తకములో వ్రాసిన కొలతయే ప్రమాణము. ప్లేటు అరుగుకొలది ఈ ఖాళీ తగ్గిపోవును. అది పూర్తిగా పోయిన పిమ్మట, డ్రైవరు కాలు తీసినను యంత్రమునకు కాలు పెట్టినట్లే యుండును. నాలుగవది, ఆయిలు సీలు చెడి ఇంజను నూనె గాని గేరు నూనె గాని ప్లేటుమీదికి కారుట. ఐదవది, మించిన బరువు.

దమ్ము చక్రములు వేసి రోటవేటరు త్రిప్పునపుడు మఱియొక జాగ్రత్త కలదు. జోడు క్లచ్చు గల బండ్లలో పెడలు సగము త్రొక్కిన చక్రములకు పోవు బలము మాత్రము ఆగును. పూర్తిగా త్రొక్కిన రోటవేటరును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టునకు పోవు బలమును ఆగును. ఈ రెండు మెట్టులను ఎఱుగక నడుమ కాలుంచి నడుపువారు ప్లేటును కాల్చుకొందురు.

విప్పుటకు ముందు

జారుచున్న క్లచ్చులన్నియు విప్పవలసినవి కావు. ముందుగా పెడలు ఖాళీని కొలిచి, లేనిచో సరిచేయవలెను. పిమ్మట సమమైన నేలమీద, బండి ముందు వెనుకల మనుష్యులు లేకుండ చూచి, బ్రేకులు గట్టిగా బిగించి, పై గేరు వేసి, ఇంజనును నెమ్మదిగా నడపుచు పెడలును మెల్లగా వదలవలెను. పట్టు బాగున్నచో ఇంజను ఆగిపోవును. ఆగక తిరుగుచున్నచో క్లచ్చు జారుచున్నదని నిశ్చయము. ఈ పరీక్ష కొన్ని క్షణములే, ఒక్కసారియే చేయవలెను. మాటిమాటికి చేసిన పరీక్షయే ప్లేటును కాల్చును.

క్లచ్చు పెట్టె అడుగున నొక చిన్న రంధ్రముండును. అందుండి నూనె కారుచున్నచో సీలు చెడినది. నల్లగా పలుచగా నున్నది ఇంజను నూనె. చిక్కగా నుండి ఘాటు వాసన గలది గేరు నూనె. ఏ సీలు మార్చవలెనో దీనివలన తెలియును. కొన్ని బండ్లకు దమ్ము చేయునపుడు బురద నీరు లోనికి పోకుండ ఆ రంధ్రమునకు బిరడా బిగింతురు. దమ్ము ముగియగానే దానిని తీసివేయవలెను.

బండిని విడదీయుట

క్లచ్చును చేరుటకు సాధారణముగా ట్రాక్టరును ఇంజను వెనుక రెండుగా విడదీయవలెను. ఇది అనుభవము గల మెకానిక్కు పని. కాని యజమాని దగ్గఱ నిలిచి చూడవలెను. బాటరీ తీగను మొదట ఊడదీయవలెను. వెనుక చక్రములకు అడ్డుకఱ్ఱలు పెట్టవలెను. ఇంజను ప్రక్కకు ఒరగకుండ ముందు ఇరుసునకును చట్రమునకును నడుమ ఇరుప్రక్కల చెక్క మేకులు కొట్టవలెను. ఇంజను క్రిందను గేరుబాక్సు క్రిందను వేర్వేఱు గట్టి స్టాండులు ఉంచవలెను. వట్టి జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. విడదీయునపుడును కలుపునపుడును సందులో చేయి పెట్టరాదు.

ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా సడలింపవలెను. లోపలి దుమ్మును గాలిగొట్టముతో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు మిక్కిలి హాని. తడిగుడ్డతో తుడిచివేయవలెను.

కాలిన ప్లేటు చెప్పు సాక్ష్యము

విప్పిన సామానును పాఱవేయక ముందు దానిని చదువవలెను. లైనింగు మాడి పొడియై, ఫ్లైవీలుమీద నీలపు మచ్చలున్నచో, జారుటచే పుట్టిన వేడి కారణము. లైనింగు నల్లగా నిగనిగలాడుచు తడిగా నున్నచో నూనె కారణము. మచ్చలు లేక రివెట్ల తలల వఱకు సమముగా అరిగినచో అది వయస్సు. ప్రెషరు ప్లేటు వ్రేళ్ల కొనలు మిక్కిలి అరిగి, రిలీజు బేరింగు గరగరలాడుచున్నచో, పెడలుమీద కాలుంచు అలవాటును అనుమానింపవచ్చును.

లైనింగు రివెట్ల తలలకు చేరువ వఱకు అరిగిన ప్లేటును మరల వేయరాదు. నూనె త్రాగిన ప్లేటును కిరసనాయిలుతో కడిగి వాడుట వృథా. ఫ్లైవీలు ముఖముమీద గీతలున్న లేతు పట్టించి చదునుచేయింపవలెను. లోతైన పగుళ్లున్న మార్చవలెను. రిలీజు బేరింగును, షాఫ్టు కొనను మోయు చిన్న బేరింగును, సీలును చూడకుండ ప్లేటు మాత్రము మార్చుట పునాది కదలిన గోడకు సున్నము వేయుటవంటిది.

తిరిగి బిగించునపుడు ప్లేటు ఏ ముఖము ఫ్లైవీలు వైపున నుండవలెనో గుర్తు చూడవలెను. డమ్మీ షాఫ్టుతో ప్లేటును నడిమికి తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా బిగింపవలెను. వ్రేళ్ల ఎత్తు సమముగా నుండవలెను. షాఫ్టు పండ్లకు గ్రీజు పలుచగా మాత్రమే రాయవలెను, ఎక్కువైనది ఎగిరి లైనింగునకు అంటును. రెండు భాగములును చేతి ఒత్తిడితో దగ్గఱకు రానిచో ఫ్లైవీలును కొంచెము త్రిప్పి చూడవలెను. బోల్టులతో బలవంతముగా లాగినచో క్రొత్త ప్లేటు వంగిపోవును. కడపట పెడలు ఖాళీని సరిచేసి, మొదటి కొన్ని దినములు తేలిక పని చేయింపవలెను.

విప్పినపుడు మేము చూచినది

ఆనాడు సంఘపు బండిని విడదీయగా ప్లేటు నూనెతో నల్లగా నిగనిగలాడుచుండెను. వ్రేళ్ల కొనలు అంతగా అరుగలేదు. క్రిందటి యేటి మరమ్మతు చీటీని తెప్పించి చూచితిమి. ప్లేటు వెల కలదు, సీలు వెల లేదు. అయినను ఇన్ని నెలలు నూనె కారుట యెవరికిని ఏల కనబడలేదని వంగి చూడగా, అడుగు రంధ్రమునకు బిరడా బిగించియే యున్నది. కారిన నూనె బయటికి పోవు దారిలేక పెట్టెలోనే నిలిచినది.

ఆ బిరడాను దమ్మునకు ముందు బిగింపుమని డ్రైవరునకు చెప్పినవారము మేమే. దమ్ము పిమ్మట తీయుమని చెప్పుట మఱచినవారమును మేమే. ఈ మాటను ఆ అరుగుమీదనే అందఱి యెదుట ఒప్పుకొంటిమి. పెద్దలు కొంతసేపు మిన్నకుండిరి. డ్రైవరును, దిగబడిన చోట్ల సగము పెడలు త్రొక్కిన మాట నిజమేయని తానుగా చెప్పెను. జీతములో ఒక్క రూపాయియు కోయలేదు. ఖర్చును సంఘమే భరించెను. ఊడ్పులు మూడు దినములు ఆలస్యమయ్యెను గాని సాగెను.

నాటినుండి ఆ సంఘములో బండికొక పుస్తక మేర్పడినది. పెడలు ఖాళీ కొలిచిన తేదీ, బిరడా వేసిన తేదీ, తీసిన తేదీ అందు వ్రాయుదురు. సభ్యులందఱును తమ తమ సంఘములలో అట్టి పుస్తకము నుంచవలెనని మా ప్రార్థన. ఈ పని నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణాలయము ఉపకరింపగలదు. యంత్రము అబద్ధమాడదు. దానిని విప్పి చూడకుండ మనుష్యుని నిందింపకుందుము గాక.