నొప్పికి అడ్డుపడే కరెంటు: టెన్స్ యంత్రం పుట్టుక, పనితీరు

టెన్స్ అనేది చర్మం మీద నుంచి నరాలకు స్వల్పంగా విద్యుత్తు పంపి నొప్పిని తగ్గించే చిన్న యంత్రం. అరచేతిలో పట్టే పెట్టె, లోపల బ్యాటరీ, బయటికి రెండో నాలుగో వైర్లు, వాటి చివర జిగురు పట్టీలు ఉంటాయి. శ్రీకాకుళం, అరసవల్లి ప్రాంతంలో మోకాళ్ల నొప్పికో నడుంనొప్పికో ఫిజియోథెరపీకి వెళ్లొచ్చినవాళ్లు ‘కరెంటు పెట్టారు’ అని చెప్పే చికిత్సల్లో ఇదొకటి. పట్టీల కింద చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. ఆ కాసేపూ నొప్పి వెనక్కి తగ్గుతుంది.

ఈ పని మొదట చేసింది చేప. క్రీ.శ. 46 ప్రాంతంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి బతికున్న విద్యుత్ చేపను నొప్పి ఉన్నచోట ఆనించమని రాశాడు. గౌట్ అనే కీళ్లవాపు ఉన్న రోగి అయితే తడి ఒడ్డున చేప మీద పాదం మోపి, మోకాలి దాకా మొద్దుబారే వరకు నిలబడాలి. ఈ జాతి చేపలు బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి చేపలు సేకరించాడు. రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. అందులో విద్యుత్ చేపలను ఇక్కడివారు పిలిచే పేర్లతోనే తిమిరి, నల్ల తిమిరి అని నమోదు చేశాడు. పాముల మీద ఆయన చేసిన కృషికి వచ్చినంత పేరు ఈ చేపల పుస్తకానికి రాలేదు, రావలసింది.

చేప కొట్టే దెబ్బ విద్యుత్తేనని 1772లో జాన్ వాల్ష్ ఫ్రాన్స్ తీరంలో ప్రయోగాలు చేసి చూపాడు. ఆ తర్వాత చేపతో పనిలేకుండా విద్యుత్ పెట్టెలు వచ్చాయి. 1919 నాటి అమెరికన్ పెట్టె ‘ఎలక్ట్రీట్’ లాంటివి సకల రోగాలూ నయం చేస్తామని చెప్పుకుని వైద్యుల నమ్మకం పోగొట్టుకున్నాయి. కరెంటుతో నొప్పి ఎందుకు తగ్గుతుందో చెప్పే సిద్ధాంతం అప్పటికి లేదు.

అది 1965లో వచ్చింది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ‘సైన్స్’ పత్రికలో గేట్ సిద్ధాంతాన్ని ప్రకటించారు. స్పర్శను మోసే లావు నరపోగుల్లో సంకేతం సెకనుకు 35 మీటర్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. మంటగా, సలుపుగా ఉండే నొప్పిని మోసే సన్నటి సి-పోగుల్లో ఆ వేగం రెండు మీటర్లు దాటదు. రెండూ వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. అక్కడ స్పర్శ సంకేతాలు ఎక్కువైతే నొప్పి సంకేతం మెదడుకు చేరే దారి మూసుకుంటుంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండేది ఇందుకే. ఈ సిద్ధాంతంలోని నరాల అమరికను తర్వాతి పరిశోధనలు చాలావరకు సవరించాయి. కానీ నొప్పి గాయం నుంచి నేరుగా మెదడుకు వెళ్లే వార్త కాదని, దారిలోనే దాన్ని పెంచవచ్చని, తగ్గించవచ్చని వాళ్లు చెప్పింది నిలిచింది. నొప్పి పరిశోధన ఇప్పటికీ దీనిమీదే నడుస్తోంది.

1967లో వాల్, న్యూరోసర్జన్ విలియం స్వీట్ తమ ముఖంలోని నరాలకే కరెంటు పెట్టుకుని చూసి, తర్వాత రోగులకు పెట్టారు. అదే ఏడాది అమెరికాలో నార్మన్ షీలీ ఒక క్యాన్సర్ రోగి వెన్నుపాము దగ్గర ఎలక్ట్రోడ్ అమర్చాడు. ఈ ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవడానికి ముందుగా చర్మం మీద కరెంటు పెట్టి చూసేవారు. కొందరికి ఆ పరీక్షతోనే నొప్పి తగ్గింది, ఆపరేషన్ అవసరమే రాలేదు. అలా పరీక్ష సాధనమే చికిత్స అయింది. మెడ్‌ట్రానిక్ సంస్థకు చెందిన డొనాల్డ్ మౌరర్‌కు 1974లో దానిమీద పేటెంట్ వచ్చింది.

గేటు మూయడంతోనే ఈ యంత్రం పని అయిపోదు. 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ శరీరం తానే తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాలను కనుగొన్నారు. అయోవా విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ స్లూకా బృందం జంతువులపై చేసిన ప్రయోగాల్లో టెన్స్ కూడా ఈ వ్యవస్థనే కదిలిస్తుందని తేలింది. సెకనుకు నాలుగైదు స్పందనలిస్తే ఒక రకం గ్రాహకాలు, వంద ఇస్తే మరో రకం గ్రాహకాలు పనిచేస్తాయి. రోజూ ఒకే తీరులో ఇస్తే శరీరం అలవాటుపడి ఫలితం తగ్గుతుంది. తట్టుకోగలిగినంత గట్టిగా, కానీ బాధ కలగకుండా ఇస్తేనే మేలు. కరెంటు మరీ తక్కువగా పెట్టి పరీక్షించిన పాత అధ్యయనాల్లో ఇది పనిచేయలేదనిపించడానికి అదొక ముఖ్య కారణం.

ఫలితాల మీద వాదం ఇంకా సాగుతోంది. దీర్ఘకాల నడుంనొప్పికి ఇది పనిచేయదని, మధుమేహం వల్ల వచ్చే నరాల నొప్పికి బహుశా పనిచేస్తుందని 2010లో అమెరికా న్యూరాలజీ అకాడమీ తేల్చింది. 2020లో వెలువడిన స్లూకా బృందం అధ్యయనంలో ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఉన్న 301 మంది మహిళలు పాల్గొన్నారు. నాలుగు వారాలు టెన్స్ వాడినవారికి కదిలేటప్పుడు కలిగే నొప్పి తగ్గింది. 381 పరీక్షలను కలిపి చూసిన 2022 నాటి సమీక్ష ప్రకారం యంత్రం నడుస్తున్నప్పుడు, ఆపిన వెంటనే నొప్పి తగ్గుతుంది. అంటే ఇది రోగాన్ని నయం చేయదు. అరిగిన మోకాలు అరిగినట్టే ఉంటుంది, కానీ లేచి నాలుగడుగులు వేయడానికి, వ్యాయామం చేయడానికి వీలవుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అది చిన్న మేలు కాదు.

శ్రీకాకుళం జిల్లాలో ఆ మేలుకు మరింత విలువ ఉంది. జిల్లా ఉత్తర భాగాన ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలను మూత్రపిండాల వ్యాధి ఏళ్లుగా పీడిస్తోంది. నీరు, ఎండలో పని, లోహాలు, నొప్పి మాత్రలు అన్నిటినీ పరిశోధకులు పరిశీలించారు. ఏ ఒక్కటీ అసలు కారణమని రుజువు కాలేదు. అయితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందించే నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయన్నది నిర్ధారణ అయిన విషయం. చెమటోడ్చి నీరు తగ్గిన ఒంటికి ఆ దెబ్బ ఎక్కువ. మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని మింగే కూలీకి, రైతుకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

టెన్స్‌కూ హద్దులున్నాయి. పేస్‌మేకర్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. మెడ ముందు భాగంలో, పుండు మీద, గర్భిణుల పొట్ట మీద పట్టీలు పెట్టకూడదు. మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగాలి. కొత్తగా వచ్చిన నొప్పికి కారణం తెలుసుకోకుండా కరెంటు పెట్టించుకోవడం ప్రమాదం. ఇవి చూసుకున్నాక, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు నొప్పి మాత్రకు ముందు అడిగి తెలుసుకోవలసిన చికిత్స ఇది.